గోడవతలి టాంకీలు

దబీర్‌పురాలో మా ఇంటి వెనక గోడకు ఆనుకొని ఒక పెట్రోల్ బంకు ఉండేది. మూతపడి చాన్నాళ్లయింది. స్థలం కొన్నవాళ్లు భూమిలోని పాత టాంకీలు తీయిస్తున్నరు. వాటిని పైకి లేపే రోజు, మంటలు అంటుకుంటయేమోనని, పొయ్యి ముట్టించొద్దని పొద్దున్నే మనిషిని పంపిండ్రు. తొలి కాన్పుకు మా దగ్గరికి వచ్చిన నా బిడ్డకు రాత్రి మిగిలిన రొట్టె, పెరుగు పెట్టి, అదన్నా ఉన్నందుకు అల్లాకు షుక్ర్ చెప్పుకున్న.

ఇంట్లో నల్లా ఉన్నా మేం తాగేది బావి నీళ్లే. అత్తమ్మ పద్ధతి ఒకటుంది. ఖాళీ కుండను లోబాన్, అదే సాంబ్రాణి, పొగ మీద బోర్లించి, పొగ పట్టినంకనే నీళ్లు పోస్తది. వచ్చిపోయేవాళ్ల కోసం గుమ్మం ముందు పెట్టే కుండలకు కూడా అంతే. ఈ ఎండాకాలం నీళ్లలో ఏదో ఘాటు తగిలింది. లోబానే కల్తీదని అందరం అనుకున్నం. అత్తమ్మ ఎప్పుడూ కొనే దుకాణానికి పోయి మస్తు లొల్లి పెట్టుకొని వచ్చింది. హజ్‌కు పోయొచ్చిన మనిషివి, లోబాన్‌ల డాంబర్ కలుపుతవా అని పదిమందిలో అడిగిందట. పాపం, ఆయన పైసలు తీసుకోకుండా కొత్తది ఇచ్చిండు. ఘాటు పోలేదు. అత్తమ్మ పొగ ఇంకాస్త ఎక్కువ పట్టించింది.

మధ్యాహ్నం క్రేన్ చప్పుడు విని మిద్దె ఎక్కిన. టాంకీ గొలుసులకు వేలాడుతూ పైకి లేస్తున్నది. దాని అడుగున తుప్పు తినేసి, చెయ్యి పట్టేంత బొక్క. గుంతలో మట్టి ఎర్రగా లేదు. నీలం కలిసిన బూడిద రంగు.

మట్టిని పరీక్షకు పంపే ఇంజనీరు ఒకాయన, తవ్వి పైకి తెచ్చిన మట్టిని గాజు సీసాల్లో గాలి మిగలకుండా కూరి, ఐసు పెట్టెలో పెడుతున్నడు. వాసన పట్టే మీటర్ ఒకటి గుంతకు నాలుగు పక్కలా పట్టి చూసిండు. మా గోడ పక్కకు వచ్చినంక అది ఆగకుండా కూసింది. ఆయన తలెత్తి నన్ను చూసిండు.

కాసేపటికి మా తలుపు కొట్టింది ఆయనే. బావి ఉందా, ఆ నీళ్లు తాగుతరా అని అడిగిండు. అత్తమ్మ జవాబు చెప్పకముందే కుండలోంచి గ్లాసు నింపి ఆయన చేతిలో పెట్టింది. తాగలేదు. వాసన చూసి, ఇందులో ఏం కలిపిండ్రని అడిగిండు. అత్తమ్మ లోబాన్ కథంతా చెప్పింది, దుకాణపాయన మీద కోపంతో సహా. పొగ పట్టని నీళ్లు కావాలన్నడు. నేను బావిలోంచి చేదిన. బకెట్‌లో నీళ్ల మీద సన్నటి రంగుల పొర తిరుగుతున్నది.

అత్తమ్మ వంగి చాలాసేపు చూసింది. "హాజీ సాబ్‌ను ఊరికే తిట్టిన" అన్నది.

రిపోర్టు వచ్చేదాకా ఎవ్వరూ ముట్టొద్దని ఆయన చెప్తుంటే, నా బిడ్డ గడపలోకి వచ్చి నిలబడ్డది.

"భాయ్, నేను వచ్చినప్పటి నుంచి ఇవే తాగుతున్న. కడుపుల ఉన్నదానికి ఏమైతది?"

ఆయన సీసా మూత బిగించిండు. "నేను మట్టి, నీళ్లు చూసెటోన్ని అమ్మా. నాకు తెల్వదు. డాక్టర్‌కు చూపించుకో, ఈ సంగతి చెప్పు."

గుమ్మం ముందు కుండలు నేనే ఒంపేసిన. ఎప్పటిలా నీళ్లకు ఖాళీ సీసా పట్టుకొని వచ్చిన ఆటో అన్నకు నీళ్లు లేవన్న. మా గుమ్మం ముందు ఆ మాట అనడం అదే మొదలు.

నీళ్లల్ల పెట్రోల్ కలిసిందని రిపోర్టు వచ్చింది. బావి మూసేయమన్నరు. డాక్టరమ్మ పరీక్ష చేసి, కడుపుల ఉన్నదాని గుండె బాగనే కొట్టుకుంటున్నది, మిగతాది పుట్టినంకనే తెలుస్తదన్నది. టాంకీలు తీయకపోతే ఇంకా తాగుతనే ఉండేవాళ్లం. తీయించినందుకు రోజూ నమాజ్‌లో షుక్ర్ చెప్పుకుంట.

ఇప్పుడు ఇంట్లోకి క్యాన్ నీళ్లు వస్తయి. నా బిడ్డ తాగేముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటది. నాకైతే ఏ వాసనా రాదు. తనకు వస్తున్నదంటది.