గడపకు అడ్డంగా మా తాత చెయ్యి

నా చిన్నప్పుడు మా చిన్నమ్మ కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి ఇంట్లో సంతోషం కంటే గుబులే ఎక్కువగా ఉండేది. అప్పటికి తెలంగాణ రాలేదు. బొగ్గు గని కార్మికుల సెంటినరీ కాలనీలో మేమంతా ఒకే క్వార్టర్లో ఉండేవాళ్లం. అంతకుముందు చిన్నమ్మకు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారీ అలా అవుతుందేమోనని పైకి ఎవరూ అనకపోయినా, ఎవరికీ కాలు ఒకచోట నిలిచేది కాదు. నేను బడి నుంచి రాగానే సంచి పారేసి ముందు చిన్నమ్మ మంచం దగ్గరికే పరుగెత్తేదాన్ని.

అందరికంటే నిలకడ లేనివాడు ఆమె భర్త, మా కాక. బాయిలో, అంటే బొగ్గు గనిలో పని. ఎవరు ఏది బలమంటే అది తెచ్చేవాడు. దవాఖానలో ఇచ్చిన రక్తం పెరిగే గోలీలు ఉండగానే మెడికల్ షాపు టానిక్ వచ్చింది. దాని వెనకే చేపనూనె గోలీలు. చీకట్లో పని గనక కళ్లకు మంచిదని అవి తను ఎప్పటినుంచో మింగుతున్నవే. పుట్టబోయే బిడ్డకూ మంచి కళ్లు రావాలని చిన్నమ్మకూ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎండలో పసుపుపచ్చగా మెరిసే ఆ గోలీలంటే నాకెంతో ముచ్చట. చిన్నమ్మకు మాత్రం వాసన పడేది కాదు. అయినా ముక్కు మూసుకుని మింగేది.

మా తాత కూడా గనిలో చేసి రిటైరైనవాడే. మందుల సంగతి తనకు తెలియదని ఆయనే చెప్పేవాడు. గూట్లో సీసాలు పెరుగుతుంటే చూసి గొణుక్కునేవాడు. చిన్నమ్మ నెల పరీక్షకు దవాఖానకు బయలుదేరిన రోజున, ఉన్నట్టుండి లేచి వెళ్లి గడపకు అడ్డంగా చెయ్యి చాపాడు.

"ఆగు బిడ్డా. బాయిల దిగేముందు జేబులు సూపియ్యాలె."

నాకు నవ్వాగలేదు. లోపలి గ్యాసుకు నిప్పంటుకోకుండా, గనిలోకి దిగే ప్రతి మనిషినీ పైన ఆపి, బీడీలో అగ్గిపెట్టో ఉందేమోనని తడిమి చూస్తారు. అది మా కాలనీ పిల్లల ఆట కూడా. తాత చూపు గూట్లో సీసాల మీద ఉండడం చూసి కాకకు మాత్రం కోపం వచ్చింది.

"ఏంది బాపు గిది? నేనేమన్న విషం తెచ్చి పెడుతున్ననా?"

"అగ్గిపెట్టె విషమారా? ఇంట్ల పొయ్యి ముట్టిచ్చేది గదే. బాయిలకు తీస్కపోతే ఏమైతదో నీకు నేను చెప్పాల్నా?"

తాత డాక్టరమ్మకు చూపించడానికి గూట్లోవన్నీ ఏరి, ఒకప్పుడు డ్యూటీకి తీసుకెళ్లిన తన పాత టిఫిన్ డబ్బాలో వేసుకుని చిన్నమ్మ వెంట నడిచాడు. నేనూ వెంటపడ్డాను.

డాక్టరమ్మ ఒక్కొక్కటే తీసి చదివింది. రక్తం గోలీ మానొద్దంది, టీతో మాత్రం వేసుకోవద్దంది. చేపనూనె దగ్గర ఆగిపోయింది. అది చేప కాలేయం నుంచి తీసిన నూనె అనీ, అందులోని విటమిన్ ఎ ఆ టానిక్‌లోనూ ఉందనీ, రెండూ కలిసి మితిమీరితే కడుపులో బిడ్డకే చెరుపనీ చెప్పి, ఆ రెండూ పక్కన పెట్టేసింది. మరి ఇప్పటిదాకా మింగిన వాటి మాటేమిటని చిన్నమ్మ ఏడుస్తూ అడిగింది. మొదలుపెట్టి ఎన్నో రోజులు కాలేదు గనక భయపడొద్దనీ, పరీక్షలకు తప్పకుండా రమ్మనీ డాక్టరమ్మ ధైర్యం చెప్పింది.

చెప్పినంత మాత్రాన భయం పోతుందా! కాన్పు దాకా మా ఇల్లంతా ముళ్ల మీదే ఉంది. కాక అన్నం కలుపుతూనే ఉండేవాడు, ముద్ద నోటికి పోయేది కాదు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఏమిటో ఆయన ముఖంలో చూశాను. తాత ఒక్క మాట దెప్పలేదు. రోజూ కొడుకు పక్కనే కూర్చుని తినేవాడు. అందుకే తాతంటే నాకు ఇప్పటికీ అంత ప్రాణం.

తమ్ముడు చక్కగా పుట్టాడు. కాక వాడిని ఒళ్లో పెట్టుకుని, కళ్లు తెరిచాడని అందరికీ చూపించి, గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

తాత ఇప్పుడు లేడు. నిరుడు నేను కడుపుతో మావారితో కలిసి పుట్టింటికి వచ్చినప్పుడు నా సంచి నిండా ఆయన కొన్న బలం మందులే. దవాఖానకు బయలుదేరుతుంటే, నాకంటే పొడుగైన ఆ తమ్ముడు గడపకు అడ్డంగా చెయ్యి చాపాడు.

"అక్కా, జేబులు సూపియ్యి."

మావారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఎంత ప్రేమతో తెచ్చినా మా ఇంట్లో తనిఖీ తప్పదని ఆయనకు చెప్పి, ఆ మందులన్నీ తాత టిఫిన్ డబ్బాలో వేసి తమ్ముడి చేతికిచ్చాను.