అర్బాబు కాగితాలు, నా తొక్కు డబ్బా

ఆ డబ్బా నాదని ఆ రోజు నేను చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పడానికి ఎన్నో వేళలు దొరికాయి. ఒక్కదాన్నీ వాడుకోలేదు. నా బదులు మాటపడ్డవాడు కడప జిల్లా నుంచి వచ్చిన డ్రైవరు. మస్కట్‌లో మనవాళ్లుండే రూముల్లో ఆయన మీద నవ్వుతూ చెప్పుకునే కథ ఒకటుంది. ఆ కథ తప్పు. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

మా యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్లం. ఆయనది ఒమాన్ సరిహద్దులోని బురైమీ. ఊళ్లో ఒక వీధి దాటితే వేరే దేశం. చిన్నప్పుడు ఒంటెల మీద ఖర్జూరం, ఎండు నిమ్మకాయలు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి, బియ్యం, బట్ట, కాఫీ గింజలు వెనక్కి తెచ్చేవాడట. ఒంటెలు పోయి జీపులొచ్చాయి, జీపులు పోయి లారీలొచ్చాయి. నేను ఎనభైల చివర్లో సైట్‌లో హెల్పర్‌గా చేరేనాటికి ఆయనకు సరిహద్దు ఊళ్లో పాత దుకాణం, మస్కట్ పక్కన అల్ మవాలేలో సిమెంటూ ఇనుమూ అమ్మే కొత్త దుకాణం, పెద్ద ఇల్లు ఉన్నాయి. నాకు టైపింగ్ వచ్చని తెలిసి సైట్ నుంచి తీసి దుకాణంలో కూర్చోబెట్టాడు. తట్ట మోసే పని తప్పినందుకు నేను ఆయన్ని దేవుడిలా చూసేవాణ్ణి.

తొంభైల మొదట్లో ప్రభుత్వం ఒక సలహా మండలి పెట్టింది. ప్రతి తాలూకా పెద్దలు కూడి తమ తరఫున పేర్లు సూచించాలి. అర్బాబుకు ఆ పని మీద పట్టుదల పుట్టింది. సరిహద్దు ఊళ్లకు రోడ్డు, బడి, నీళ్లు కావాలంటే అవి లేక ఇబ్బంది పడ్డవాడే వెళ్లి అడగాలనేవాడు. ఆయనకు ఎదురు నిలిచినవాడు చదువుకున్నవాడు. “ఒంటెలు తోలినవాడికి మండలిలో ఏం పని?” అని ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.

దానికి అర్బాబు దగ్గర జవాబుంది. పాత దుకాణంలో, ఇత్తడి మేకులు కొట్టిన ఒక మందసం నిండా ఆయన కాగితాలున్నాయి. సరిహద్దు దాటడానికి ఇచ్చిన పాత పర్మిట్లు, బొంబాయి ఏజెంట్ల ఉత్తరాలు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక ఒప్పందం. రెండు ఊళ్లు దారి కోసం కొట్టుకున్నప్పుడు అర్బాబు మధ్యలో కూర్చుని రాజీ చేశాడు. ఇరువైపుల పెద్దలూ దాని మీద వేలిముద్రలు వేశారు. ఆ మందసం తెమ్మని నన్నూ డ్రైవర్నీ పంపించాడు.

అదే సమయానికి మా ఊరి మనిషి ఒకడు దుబాయి మీదుగా వచ్చి, అమ్మ పంపిన డాల్డా డబ్బా బురైమీలో నా చేతికిచ్చాడు. నిండా మామిడికాయ తొక్కు, పైన వేలెడు నువ్వుల నూనె, మూత మీద గుడ్డ కట్టు. చెక్‌పోస్టు బురైమీ దాటి చాలా దూరం వచ్చాక ఉంటుంది. అక్కడ సీలు లేని డబ్బాలను చువ్వతో గుచ్చి చూస్తారు. అర్బాబు పేరు చెబితే మందసం మాత్రం ఎవరూ తెరవరు. డ్రైవరు టీకి వెళ్లినప్పుడు డబ్బాను కాగితాల మధ్య పెట్టి మూత వేశాను.

వేసవి. బండి వెనక రేకు మీద చెయ్యి పెడితే కాలేది. చెక్‌పోస్టు దాటి చాలాదూరం వచ్చాక టీ బంకు దగ్గర ఆగాం. వెల్లుల్లి వాసన గుప్పుమంది. డ్రైవరు తాళ్లు విప్పి మూత ఎత్తాడు. లోపల డబ్బా మూత తోసుకుని నూనె పొంగి ఉంది. కాగితాలన్నీ ఎర్రగా తడిసి, ముందువైపు రాతా వెనకవైపు రాతా ఒకదాంట్లోంచి ఒకటి కనబడుతున్నాయి. ఒప్పందం మీది వేలిముద్రలు మచ్చల్లా పాకిపోయాయి.

“యాడ పెట్టినావబ్బీ దీన్ని?” అన్నాడు డ్రైవరు, నెత్తి పట్టుకుని. “చోటే లేనట్టు.”

“చెక్‌పోస్టుల గుచ్చుతరని భయమైంది భాయ్.”

“డబ్బాను గుచ్చుతారని ఆయప్ప బతుకంతా నూనెలో ముంచినావు. మీ జగిత్యాలోళ్లకు తొక్కు లేకపోతే ముద్ద దిగదా?”

నేను ఏడుస్తున్నానని చూసి గొంతు తగ్గించాడు. “సరే, ఇను. పోతానే చెప్పేయ్. తిడతాడు. ఒక పూట మాట్లాడడు. అంతే. ఇంకొకరు చెప్పకముందే నువ్వే చెప్పాల.”

చెబుతానన్నాను. అంగీతో ఒక్కో కాగితం అద్దుతూ దారంతా అదే మాట మనసులో కూడబలుక్కున్నాను.

అక్కడ లోపలి ఊళ్ల మర్యాద ఒకటుంది. దూరం నుంచి వచ్చినవాణ్ణి ముందు కబురేమిటని అడుగుతారు. ఎంత చెడ్డ వార్త మోసుకొచ్చినా మొదట “కబురేమీ లేదు, అంతా క్షేమం” అనే చెప్పాలి. కాఫీ తాగాక అసలు సంగతి. మేం ఇల్లు చేరగానే అర్బాబు అలాగే అడిగాడు. కబురేమీ లేదన్నాను. అంతవరకు తప్పు లేదు. కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి, కప్పులు వెనక్కి వెళ్లాయి. నేను నోరు తెరవలేదు. ఆ మర్యాద వెనక దాక్కున్నాను. నా వీసా రెన్యువల్ ఆ నెలలోనే ఉంది. మళ్లీ సైట్‌కు పంపుతాడేమోనన్న భయం తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

అర్బాబు లేచి తనే మందసం తెరిచాడు. చాలాసేపు వంగి చూశాడు. ఒక కాగితం ఎత్తి వాసన చూశాడు.

“ఈ అచార్ ఎవరిది?” అని హిందీలో అడిగాడు.

డ్రైవరు నా వైపు చూశాడు. నేను చాప వైపు చూశాను.

“బండి నాది అర్బాబ్,” అన్నాడు డ్రైవరు చివరికి. “అందులో సామానుకు జవాబు నాది.”

అర్బాబు దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. అరవలేదు. బండి తాళంచెవులు అక్కడ పెట్టమన్నాడు. ఆ వారమే డ్రైవర్ని ఎక్కడో దూరాన బహ్లాలో ఇటుకల యార్డుకు మార్చాడు. అతని బామ్మర్దికి ఇప్పిస్తానన్న వీసా మాట మళ్లీ ఎత్తలేదు. ఆ వీసా మీద ఆశతో రాయచోటిలో బామ్మర్ది ఉన్న పని మానేసి కూర్చున్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. మన రూముల్లో డ్రైవరుకు అచార్ భాయ్ అని పేరు పడింది. ఒకసారి నా ముందే ఎవరో ఆ పేరుతో జోకేస్తే, నలుగురితో పాటు నేనూ నవ్వాను.

అర్బాబు మాత్రం వెనక్కి తగ్గలేదు. పెద్దలు కూడిన రోజు నేను ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మేం ఊహించినట్టే పోటీకి నిలిచినవాడు అడిగాడు, ఆ రాజీ చేసింది నువ్వేనని రుజువేదని.

“కాగితం పోయింది,” అన్నాడు అర్బాబు. “ముద్ర వేసిన వేళ్లు ఈ గదిలోనే ఉన్నాయి. ఎవరివో వాళ్లు ఎత్తండి.”

మొదట మూలన కర్ర ఆనించుకున్న ముసలాయన బొటనవేలు ఎత్తాడు. “అప్పుడు దీనికంటిన సిరా వారమైనా పోలేదు, మా ఆవిడ తిట్టింది,” అన్నాడు. గది నవ్వింది. తర్వాత ఒక్కొక్కటే వేళ్లు లేచాయి. అర్బాబు పేరు మస్కట్‌కు వెళ్లింది, ఆయన మండలిలో కూర్చున్నాడు.

మస్కట్‌లోనే అజైబాలో ఆఫీసు తీశాడు. ఆయన కొత్త కాగితాలన్నీ నా చేతిమీదుగానే నడిచాయి. రోడ్డు కోసం అర్జీలు, ఆడపిల్లల బడి కోసం అర్జీలు. తిరిగొచ్చిన ప్రతి అర్జీనీ మళ్లీ టైపు చేయించేవాడు. “మాట మార్చకు, తేదీ మార్చు,” అనేవాడు. రోడ్డు అలాగే వచ్చింది. ఆయన జీవిత వివరాలు మొదట టైపు చేసిందీ నేనే. పాత కాగితాలు లేకపోవడానికి కారణం ఆయన చెబుతుంటే, ‘డ్రైవరు అజాగ్రత్త వల్ల’ అని నా వేళ్లతో నేనే కొట్టాను.

తొంభైల చివర్లో ఆయన కొడుకు తండ్రి జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించబోయాడు. సరిచూసి సంతకం పెట్టమని ప్రూఫులు నాకిచ్చారు. ఆ వాక్యం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. టైపు కాగితం ఫైల్లో పడి ఉంటుంది. పుస్తకం అలా కాదు, అర్బాబు మనవలు కూడా చదువుతారు. నేను సంతకం పెడితే ఆ కడప మనిషి వాళ్ల ఇంట్లో ఎప్పటికీ అజాగ్రత్త మనిషిగానే ఉండిపోతాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని ప్రూఫులు పట్టుకుని అర్బాబు గదిలోకి వెళ్లాను. ఈసారి కాఫీ రాకముందే చెప్పేశాను.

ఆయన కళ్లద్దాలు తీశాడు. “ఇన్నేళ్లు నా కాగితాలు నీ చేతిలో పెట్టాను,” అన్నాడు. కళ్లద్దాలు ప్రూఫుల మీద పెట్టి అడిగాడు, “అతనికి చెప్పావా?”

“ఇంకా లేదు.”

“మరి ముందు నా దగ్గరికెందుకొచ్చావు? మచ్చ పడింది అతని మీద. ఆ వాక్యం నువ్వే మార్చు. నీ డబ్బా అనే రాయి. తర్వాత బహ్లా వెళ్లు. తిరిగొచ్చాక నీ ఉద్యోగం సంగతి మాట్లాడదాం.”

వాక్యం మార్చాను. ‘నా గుమాస్తా పెట్టిన పచ్చడి డబ్బా వల్ల’ అని టైపు కొట్టి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

యార్డులో డ్రైవరు ఇటుకలకు పైపుతో నీళ్లు పడుతున్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి పైపు కట్టేయలేదు.

“ఏమబ్బీ, మండలి ఆఫీసోళ్లకు బహ్లాలో ఏం పని?”

“నీతోనే పని భాయ్.”

“నాతో ఏం పని. నేను అచార్ గాణ్ణి.” నవ్వకుండా అన్నాడు. “ఆ పొద్దు నీకు టైమియ్యాలని ఒక మాట అంటి. నేనొక మాట అంటే నువ్వు రెండో మాట అంటావనుకుంటి. నువ్వు అనకపోతివి. మా బామ్మర్ది ఆటో తోలుకుంటాండాడు. ఆ డబ్బా నాది కాదంటే, మా ఇంటామె నేను అబద్ధం చెప్తాండానని ఇప్పటికీ అనుకుంటాది.”

పక్కనున్న కూలీలు పని ఆపి వింటున్నారు. వాళ్లలో మావైపు వాళ్లూ ఉన్నారు. పక్కకు రమ్మని ఆయన్ని పిలుద్దామనుకున్నాను. ఆయన పేరు పోయింది నలుగురిలో కాబట్టి అక్కడే నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను.

“భాయ్, గా డబ్బ నాది. మందసంల పెట్టింది నేను. నువ్వు చెప్పుమన్నా చెప్పలే. అర్బాబ్ అడిగిననాడు నీ మొహం చూడలే. నువ్వు జేసిందని కాయితం మీద రాసింది గూడ నేనే. రూమ్‌ల అందరు నిన్ను జూసి నవ్విననాడు నేనూ నవ్విన. మీ బామ్మర్ది వీసా పోయింది నా వల్ల. రేపు మీ ఇంటికి ఫోన్ జేసి అక్కకు గూడ నేనే చెప్త. తప్పు నాది, నన్ను మాఫ్ చెయ్ భాయ్.”