నీలవేణి ఏ ఊరి పిల్లో చెప్పించడానికి వెళ్లిన రోజు

ఉద్దానం వెళ్లేవాళ్లు కొబ్బరితోటలు, జీడితోటలు, సముద్రం చూడ్డానికి వెళ్తారు. నేను ఒక సంతకం కోసం వెళ్లాను. టెక్కలిలో నేను జువాలజీ చెప్పే జూనియర్ కాలేజీలో చదివిన నీలవేణికి ఆ ఏడు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో స్థానికురాలైతే మెడిసిన్ సీటు వచ్చినట్టే, కాకపోతే ఆశ వదులుకోవాల్సిందే. స్థానికత అంటే ఇంటర్ ముగిసేదాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. ఈ పిల్లకేమో పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య ఒక ఏడాది ఖాళీ. ఎక్కడా చదవని ఆ ఏడాదికి ఇక్కడే నివాసమున్నట్టు ఎమ్మార్వో గారి ధ్రువపత్రం కావాలి. కౌన్సెలింగ్ సోమవారం, మేము బయల్దేరింది గురువారం. ఆమె అమ్మానాన్నలు ఒరిస్సాలోని పారాదీప్‌లో చేపల వేటలో ఉన్నారు. అంత చదివిన పిల్ల గుమ్మం దగ్గర ఆగిపోతుందంటే నాకు ఒళ్లు మండి, సెలవు పెట్టి తోడెళ్లాను.

ఉదయం ఏడింటికి టెక్కలిలో బస్సెక్కితే గంటలోపే కాశీబుగ్గలో దిగాం. టికెట్టు పన్నెండు రూపాయలు. ఊళ్లోకి రాగానే జీడిపిక్కలు కాల్చే కమురువాసన బస్సులోకే వచ్చేస్తుంది. అక్కడ ఇడ్లీ తిని, నీలవేణి వాళ్ల మండల ఆఫీసున్న వజ్రపుకొత్తూరు వెళ్లే షేర్ ఆటో ఎక్కాం. నిండితేగాని కదలదు కాబట్టి తొందరపడి ప్రయోజనం లేదు. పలాస దాటాక దారంతా తోటలే. నీడ చల్లగా ఉంది గాని, రోడ్డు మాత్రం తిన్న ఇడ్లీని కడుపులో నిలవనివ్వలేదు. డ్రైవర్ అప్పన్న మా సంగతి విని, అవసరమైతే తానూ సాక్ష్యం చెబుతానన్నాడు. ఈ పిల్లని చిన్నప్పట్నుంచీ ఎరుగుదునని కూడా అన్నాడు. అతను ఆమెను చూడడం ఆ పొద్దున్నే మొదటిసారి.

మండల ఆఫీసులో ఆర్.ఐ. గారు కాగితాలు చూసి, ఊరికి వచ్చి ఇరుగుపొరుగును విచారించకుండా ఏదీ రాయనన్నారు. న్యాయమే. రానూపోనూ నూట యాభైకి అప్పన్న ఆటోనే మాట్లాడుకున్నాం. ఆయన ముందు సీట్లో అప్పన్నతో సగం సగం సర్దుకుని కూర్చున్నారు. ఊరు ఇసుక దిబ్బ వెనకాల ఉంది. పడవలు చాలావరకు సముద్రం లోపలికెళ్లాయి. మిగిలినవాళ్లు వలలు బాగు చేసుకుంటూ, కవళ్ల చేపలు ఎండబెట్టుకుంటూ ఉన్నారు. నీలవేణి డాక్టరు చదువు కోసం ఎవరో ఆఫీసరు వచ్చాడని తెలిసి, అడగకముందే అందరూ చుట్టూ చేరారు.

ఉద్దానం ప్రేమ ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆ ఏడాది నీలవేణి ఊరు కదల్లేదని ఒకావిడ చెప్పింది. రోజూ తనతోపాటు చేపల గంప మోసుకుని పూండి సంతకు వచ్చేదని ఇంకొకావిడ అందుకుంది. ఆ పక్కనే ఉన్న పెద్దాయన తలూపి, ఏడాదంతా పచ్చకామెర్లతో మంచం దిగలేదని చెప్పాడు. మంచం మీదున్న పిల్ల గంప ఎలా మోసిందని ఆర్.ఐ. గారు అడిగితే, మధ్యమధ్యలో లేచేదన్నారు. ఆయన పెన్ను మూత పెట్టేశారు. ఇక్కడ ఎవరి మాటా రాసే వీల్లేదన్నారు. నీలవేణి తల వంచుకుని నిలబడింది.

అంతలో ఇంట్లోంచి వాళ్ల నాయనమ్మ గున్నమ్మ వచ్చింది. ముందు ఊరివాళ్లకే పెట్టింది చీవాట్లు.

"ఒల్లకోండి. పిల్లకి మేలు సేత్తన్నామనుకుని గోతిలో తోసేత్తన్నారు." తర్వాత ఆర్.ఐ. గారి వైపు తిరిగింది. "బాబూ, పిల్ల పారాదీపు ఎల్లింది. దాని అమ్మకి సేతకాకపోతే వొండిపెట్టడానికి ఎల్లింది. దీపాలమాసకి ముందెల్లి, ఎండలు ముదిరీసరికి వొచ్చీసింది."

అయిపోయిందనుకున్నాను. ఆర్.ఐ. గారు మాత్రం పెన్ను మూత తీశారు.

"మరి ఇక్కడ ఇల్లు?"

"ఇల్లు ఎక్కడికి ఎల్తాది బాబూ? నానున్నాను. మా వోల్లు వేటకెల్తే ఇంటికి తాళం ఎయ్యరు, ఒకలుంటారు, పొద్దుగూకితే దీపం ఎడతారు. తాళం ఎట్టినోలే ఊరు ఇడిసినోలు. దాని పరికిణీలు ఆ దండేనికే ఉన్నాయి, సూడు."

ఆయన నిజంగానే లోపలికెళ్లి చూసి వచ్చారు. పని కోసం వెళ్లి రావడం ఊరు విడిచిపోవడం కాదని తన ఉద్దేశమనీ, జరిగింది జరిగినట్టే రాస్తాననీ, తేల్చాల్సింది ఎమ్మార్వో గారేననీ చెప్పారు.

మధ్యాహ్నం మండల ఆఫీసులో ఎమ్మార్వో గారు ఆ నివేదిక రెండుసార్లు చదివారు. తర్వాత నీలవేణిని ఒకే ప్రశ్న అడిగారు.

"పారాదీప్‌లో ఏ బడిలోనైనా, కాలేజీలోనైనా చేరావా అమ్మా?"

"లేదండి. వంట చేశాను."

చదివి ఉంటే ఆ ఏడాది ఒరిస్సా లెక్కలోకి పోయేదని చెప్పి, ఆయన సంతకం పెట్టారు. బయటికొచ్చాక నీలవేణి కాగితాన్ని ఓణీ కింద దాచుకుని ఏడ్చింది. పారాదీప్‌లో ఉన్నన్నాళ్లూ, ఇంటర్ కూడా చెప్పే తెలుగు బడి పక్కనుంచే నీళ్లకు వెళ్లేదట. చేర్పించమని నాన్నను బతిమాలితే కుదరదన్నాడని అప్పట్లో ఎన్నో రోజులు అతనితో మాట్లాడలేదట.

తిరుగు ప్రయాణంలో ఆటోను మళ్లీ ఊరివైపు తిప్పించి, గున్నమ్మకు సంగతి చెప్పి, పూండి స్టేషన్లో సాయంత్రం పాసింజరు అందుకున్నాం. నౌపడలో దిగితే టెక్కలి పక్కనే. రైల్లో నాకు కోపం, సంతోషం రెండూ ఉన్నాయి. ఆ నిబంధన మన పిల్లలకు సీట్లు దక్కాలనే పెట్టారు, అది మంచిదే. కాని ఈ పిల్ల స్థానికత నిలిచింది చదువు ఆగిపోయినందుకు. తండ్రి ఆ రోజు ఆమె మాట విని బడిలో వేసి ఉంటే, ఆ ఏడాది ఒరిస్సాకి పోయి, మేము ఈ ప్రయాణానికి బయల్దేరినా లాభం ఉండేది కాదు. ఆ అన్యాయాన్ని ఎవరి మీద వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. నీలవేణి విశాఖలో మెడిసిన్ చదువుతోంది.

మీ పిల్లలకు చదువు ఆగిన ఏడాది ఉంటే, నివాస ధ్రువపత్రం ఆ ఏడాదే తీసుకుని ఉంచండి. ర్యాంకు వచ్చాక పరుగులు పెట్టకండి. విచారణకు వస్తున్నారంటే ముందే ఇరుగుపొరుగుకు చెప్పండి, ఉన్నదే చెప్పమని. ఆ సాయంత్రం ఆటో కదులుతుంటే గున్నమ్మ నన్ను ఆపి అడిగింది: "ఇసాపట్నంలో అయిదేళ్లుంటాది గదా అమ్మా. మల్లీ మా ఇంటికి రావాలంటే దీనికి ఇంకో కాయితం కావాలేటి?"

అక్కర్లేదన్నాను. అయినా తాళం వెయ్యనంది.