చిమ్నీ కింద తప్పెట

ఎనభైల మొదట్లో, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, నేను అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డర్‌గా చేరాను. అంతకుముందు పోర్టులో చేసినదంతా నేలమీద నిలబడి చేసే పనే. కృష్ణా జిల్లా పల్లె నుంచి వచ్చినవాణ్ణి, ఎత్తంటే చిన్నప్పటినుంచీ భయం. ఇక్కడ నన్ను చిమ్నీ ఎక్కమన్నారు.

చిమ్నీ గోడకు నిటారుగా ఇనుప నిచ్చెన, దాని చుట్టూ పంజరంలా ఊచలు. మొదటిరోజు పది మెట్లెక్కి ఊచను పట్టుకుని అలాగే ఉండిపోయాను. కాళ్లు నా మాట వినలేదు.

కింద మా గ్యాంగు ఖలాసీ ఒకతను ఉండేవాడు. బరువులకు తాళ్లు కట్టి పైకి లాగించడం అతని పని. సబ్బవరం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. వాళ్ల ఊళ్లో తప్పెటగుళ్లు ఆడేవాడు. రొమ్ముకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ గెంతి ఆడే ఆట అది.

"బయమేత్తందా బావా?" అని కిందినుంచి అరిచాడు. "పైకి సూడకు, కిందకీ సూడకు. నాను కొడతన్నాను, దెబ్బకో మెట్టు ఎక్కీ."

ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి దరువు మొదలుపెట్టాడు. ఆ దరువులో ఏముందో ఇప్పటికీ చెప్పలేను. అరికాళ్లలోంచి వేడి లేచినట్టయింది. చూస్తుండగానే పైకి చేరాను. మర్నాటి నుంచి అతను ఇంటినుంచి తప్పెటే తెచ్చాడు. నేను పైకి చేరగానే చెయ్యూపేవాణ్ణి, అతను తప్పెట పక్కన పెట్టి తన పనికి పోయేవాడు.

కొద్ది వారాల్లోనే నేను మారిపోయాను. వన్ టౌన్ సందులో మా అద్దెవాటా. పొద్దున బద్ధకంగా ఉంటే ఆ దరువు తలుచుకునేవాణ్ణి, వెంటనే లేచేవాణ్ణి. నీళ్లు మోసినా, బస్సుకు పరుగెత్తినా మనసులో అదే. అలసట అన్నదే లేదు. ఇంతకాలం ఇది తెలియక బతికానే అనుకునేవాణ్ణి.

ఒక ఉదయం సముద్రం మీంచి మంచు కమ్మింది. నిచ్చెన నాలుగు మెట్ల పైన కనబడటం లేదు. దరువు వినబడుతోంది, ఎక్కాను. పైకెళ్లాక అక్కడున్న కుర్ర వెల్డరుతో, "మంచులో కూడా ఎంత బాగా వినబడుతోందిరా తప్పెట" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "ఏటి బావా? ఆడు ఇవేళ పనికి రానేదు కదా."

కింద అంతా తెల్లగా ఉంది. దరువు ఇంకా వినబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం నేను అన్నం తింటుంటే మా ఆవిడ చేతిలో గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"ఏవండీ, ఆ చప్పుడు ఆపండి."

"ఏ చప్పుడు?"

"మీరే కదా కొడుతున్నారు."

నా కుడిచెయ్యి అన్నంలో ఉంది, ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. రెండూ ఎత్తి చూపించాను. ఆమె వెళ్లి రేడియో పెట్టింది. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నప్పుడల్లా రేడియో పెద్దగా పెట్టేది.

అప్పుడు కూడా నేను ఎవరికీ చెప్పలేదు. పని బాగా సాగుతోంది కదా, ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఆదివారం బజారుకెళ్లి బీరకాయలు కొన్నాను. అక్కడినుంచి ఇంటివైపు నడవడం గుర్తుంది. తర్వాత గుర్తున్నది, అరికాళ్లకు సుర్రుమని కాలడం. కళ్లెదుట పెచ్చులూడిన సిమెంటు గోడ. మా వీధి చివరి నీళ్ల ట్యాంకు నిచ్చెన మీద, దాదాపు పైన ఉన్నాను. చెప్పుల్లేవు. బీరకాయల సంచీ మోచేతికి వేలాడుతోంది. కింద బిందెలతో ఆడవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. ఒక్కరూ అరవలేదు. వాళ్ల వెనక, రెండు చేతులతో చెవులు మూసుకుని, మా ఆవిడ.

ట్యాంకు పైకి ఇంకా మూడు మెట్లే ఉన్నాయి. నా కాలు మాత్రం పైమెట్టు కోసం లేస్తోంది. రెండు చేతులతో ఊచను వాటేసుకుని, బలవంతాన ఒక్కో కాలూ కిందకి లాక్కుంటూ దిగాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం సబ్బవరం బస్సెక్కాం. ఖలాసీ కళ్లంలో ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. నేను చెప్పింది విని గడ్డిమోపు కింద పడేశాడు.

"నువ్వు దిగినప్పుడు నాను కొట్టనేదు కదా," అన్నాడు. "ఆట ముగిసినాక దింపుడు దరువు కొట్టాల బావా. కొట్టకపోతే అది కాళ్లనొగ్గదు, ఎక్కిత్తానే ఉంటాది. మా మావ కూడా అలగే, ముగింపు కొట్టకుండా ఎల్లిపోయినాడు. పట్టపగలు కొండెక్కీసినాడు."

"తర్వాత?" అంది మా ఆవిడ.

"దిగనేదమ్మా. అందరం ఎతికినాం."

నన్ను కళ్లంలో నిలబెట్టి తప్పెట కట్టుకున్నాడు. ఈ దరువు వేరు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. మధ్యలో ఒకసారి నా రొమ్ములోంచి పాత దరువు జవాబుగా వచ్చింది. మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ చేతులు ఆపలేదు. ఆ జవాబు కూడా నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. ఒక్కసారిగా కాళ్లు నాకు దక్కాయి, వాటితోపాటే ఇన్ని వారాల నొప్పీ. అక్కడే కూలబడ్డాను.

సోమవారం నిచ్చెన దగ్గర నిలబడితే అరచేతులు చెమట పట్టాయి. పాత భయం మొత్తం తిరిగొచ్చింది. ఊచ జారిపోతుంటే ప్యాంటుకు చేతులు తుడుచుకున్నాను.

"కొట్టమంటావా బావా?" అన్నాడతను మెల్లగా.

ఇంటి అద్దె ఉంది, వేరే పని లేదు.

"కొట్టు," అన్నాను. "కానీ నేను దిగేదాకా ఎక్కడికీ పోకు."

ఆ చిమ్నీ పని పూర్తయ్యేదాకా అతను రోజూ రెండు దరువులూ కొట్టాడు. నేను దిగి నేలమీద కూర్చున్నాక, నా రొమ్ముమీద చెవి పెట్టి విని, అప్పుడు మాత్రమే తప్పెట విప్పేవాడు.