మా ప్రాక్టికల్స్ మామ్మగారు

మామ్మగారు పోయారని నాకు ఫోనులో తెలిసింది. చేసింది నా పాత రూమ్మేటు, ఇప్పుడు సామర్లకోటలో ఉంటోంది. "మామ్మగారు పోయారే. నిన్న పొద్దున్న. కాఫీ తాగి వాలుకుర్చీలో కూర్చున్నారంట, ఇక లేవలేదంట" అంది. నేను "ఎ... ఎ..." దగ్గర ఆగిపోయాను. "ఏడవకే. పెద్దావిడ, మంచం పట్టకుండా వెళ్లిపోయింది, అదృష్టవంతురాలు" అని అది నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. నేను అప్పుడు ఏడవడం లేదు. ఎవరు చెప్పారే అని అడగబోతున్నాను. నాకు నత్తి. మాటలు వచ్చినప్పటి నుంచీ ఉంది, ఫోనులో మరీ ఎక్కువ. ఫోను పెట్టేశాక ఏడ్చిన మాట మాత్రం నిజం.

పదకొండో రోజున రాజమండ్రి వెళ్లాను. మామ్మగారి అబ్బాయి గుమ్మంలో ఎదురొచ్చారు. ఆయనకీ జుట్టు నెరిసిపోయింది. "మీరు అమ్మకి ఏమవుతారండీ?" అని అడిగారు. "మీ అమ్మగారు నా..." అని నేను ఆగేసరికి, "హౌస్ ఓనరు కదండీ, వెనక వాటాలో ఉండేవారు, గుర్తొచ్చింది, రండి రండి" అన్నారు. మంచాయన. భోజనం చేసి వెళ్లమని మరీ మరీ చెప్పారు. కానీ నేను అనబోయింది హౌస్ ఓనరని కాదు, మీ అమ్మగారు నా సబ్జెక్టు అని. అక్కడ చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సబ్జెక్టు అంటే పాఠ్యాంశం కాదు. సైకాలజీ ప్రాక్టికల్స్‌లో ప్రయోగం చేసేది విద్యార్థి, చేయించుకునేది ఎదురుగా కూర్చున్న మనిషి. ఆ మనిషిని సబ్జెక్టు అంటారు. కెమిస్ట్రీ వాళ్లకి యాసిడ్లూ, జువాలజీ వాళ్లకి కప్పలూ కాలేజీయే ఇచ్చేది. మాకు మనిషి కావాలి, ఆ మనిషిని మేమే వెతుక్కోవాలి. మా వాళ్లు పిన్నుల్నీ, పక్కింటి అక్కల్నీ, ఎవరూ దొరక్కపోతే క్యాంటీన్‌లో దొరికినవాళ్లనీ బతిమాలి తెచ్చుకునేవారు.

అసలు నేను ఈ చదువులోకి రావడమే ఒక తమాషా. మాది తణుకు దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. తొంభైల్లో బి.ఏ.లో చేరడానికి రాజమండ్రి వెళ్లినప్పుడు కౌంటర్లో గుమాస్తా "ఏ గ్రూపమ్మా?" అన్నాడు. నేను అనుకుని వెళ్లింది పాలిటిక్స్. 'పా' దగ్గర పెదాలు అతుక్కుపోయాయి. వెనక లైను పెరుగుతోంది. గోడమీద అట్టపై సైకాలజీ అని కనపడింది. అది తేలిగ్గా నోటికొచ్చింది, అనేశాను, ఆయన రాసేశాడు. మనిషి మనసు తెలుసుకోవాలన్న జిజ్ఞాసతో ఈ శాస్త్రంలోకి వచ్చానని తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాను. జరిగింది మాత్రం ఇది.

నత్తి ఉన్నవాళ్లకి ఇది మామూలే. రాని మాట వదిలేసి వచ్చే మాటతో సరిపెట్టుకుంటాం. బస్సులో 'తణుకు' అనలేక రావులపాలెం టిక్కెట్టు తీసుకుని, అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కిన రోజులున్నాయి. ఇక మా జిల్లాల్లో మర్యాదకి లోటు లేదు కదా, నోరు తెరిస్తే అండీ, గారూ. ఆ మర్యాదతోనే నా మాటలన్నీ నాకంటే ముందు ఎదటివాళ్లే అనేసేవారు. నేను ఒకటి మొదలుపెడితే వాళ్లు ఇంకొకటి పూర్తిచేసేవారు. కాదని చెప్పాలంటే మళ్లీ మాట్లాడాలి. అంత శ్రమ ఎందుకని తలూపేసేదాన్ని. అలా నాకు ఇష్టం లేని ఉప్మాలు ఎన్ని తిన్నానో లెక్కలేదు.

మామ్మగారిల్లు మా కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. ఆవిడది కోనసీమ. భర్త రైల్వేలో చేసి రిటైరై పోయారు, కొడుకు ఉద్యోగం మీద ఊళ్లు తిరుగుతుండేవారు. వెనక వాటా ఆడపిల్లలకే, అందులోనూ చదువుకునే పిల్లలకే అద్దెకిచ్చేవారు. మడీ ఆచారం గట్టివి. వంటింటి గడప మేం దాటకూడదు. కుళాయి కింద బకెట్టు పొంగిందంటే వీధి చివరిదాకా వినపడేలా కేకలేసేవారు. బకెట్టు సంగతి సరే, గడప సంగతి నాకప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మనిషి పోయారు కదా అని ఆ మాట దాచను.

చేరిన కొత్తలో ఆవిడకి చెవుడనుకున్నాను. కాలేజీ నుంచి వచ్చి వసారాలో నిలబడి "తా... తా..." అంటాను. ఎదురుగా గోడ మేకుకి మా గది తాళంచెవి వేలాడుతూనే ఉంటుంది. ఇంకెవరైనా అయితే ఆ పాటికి తీసి చేతిలో పెట్టేస్తారు. ఈవిడ ఒలుస్తున్న చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నావైపు చూస్తూ కూర్చునేవారు. "తాళంచెవి కావాలండి" అని నేను ముగించాక, "అదిగో, తీసుకో" అనేవారు. పాపం వినపడదు కాబోలనుకుని గొంతు పెంచేదాన్ని. ఒకరోజు ఆవిడ పెరట్లో ఉండి, వంటింట్లో పాలు పొంగే చప్పుడు విని పరిగెత్తుకొచ్చారు. అప్పుడు తెలిసింది, ఆ చెవులు నా చెవులకంటే బాగా పనిచేస్తున్నాయని.

కొన్నాళ్లకి ధైర్యం చేసి అడిగాను, అందరిలా మీరు మాట అందించరేంటండీ అని. ఆవిడకి ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"నువ్వేం చెప్తావో నాకేం తెలుసూ, నువ్వు చెప్తేగా?"

"తాళంచెవి అని తెలుస్తూనే ఉంటుంది కదండీ."

"బావుంది. తాళంచెవి అనుకుని నేను ఇచ్చేస్తే, నువ్వు మీ తాతయ్యొచ్చాడని చెప్పబోయావనుకో. ఆ ముసలాయన వీధిలో నిలబడిపోడూ?"

మా తాతయ్య అప్పటికే లేడు. అయినా ఆ రోజు గదిలోకి వెళ్లి చాలాసేపు నవ్వుకున్నాను. నామీద నాకు అంత తేలిగ్గా నవ్వొచ్చింది బహుశా అదే మొదటిసారి.

సబ్జెక్టుగా ఆవిడ పాతకాపు. మాకు ముందున్న పిల్లల్లో చాలామంది సైకాలజీ వాళ్లే, వాళ్లందరికీ ఈవిడే కూర్చున్నారు. ప్రయోగం ఉందంటే కాళ్లు కడుక్కుని, చీర మార్చుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఇంటికి చుట్టాలొస్తున్నట్టు తయారయ్యేవారు. రెండు గీతలు చూపించి ఏది పొడుగో చెప్పమంటే, "రెండూ సమానవే. క్రితం ఏడు పిల్లలూ ఇవే చూపించారు. కొత్తవి గియ్యలేరూ?" అనేవారు. ప్రయోగం అయ్యాక సబ్జెక్టుకి ఏమనిపించిందో అడిగి రికార్డులో రాయాలి. క్లాసులో అందరూ 'ఆసక్తికరంగా అనిపించింది' అని ఒకేలా రాసేసేవారు. నేను అడిగితే, "పొయ్యిమీద పప్పుంది, అడుగంటుతుందేమో అనిపించింది. రాసుకో" అన్నారు. రాసుకున్నాను. మా లెక్చరర్‌గారు అది చదివి, కొట్టెయ్యకుండా కింద సంతకం పెట్టారు.

మా చదువంటే ఆవిడకి గౌరవమే కానీ, నమ్మకం తక్కువ. "ఎదటి మనిషి మనసులో ఏవుందో తెలుసుకోడానికి మూడేళ్లు చదవడవేవిటే? వాళ్లనే అడిగితే చెప్పరూ?" అనేవారు.  ఇన్నేళ్లు ఇదే శాస్త్రం మీద ఉద్యోగం చేశాక కూడా ఆవిడ చెప్పింది తప్పనిపించడం లేదు.

మూడో ఏడాది వచ్చేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షకి బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆయన ముందు సబ్జెక్టుని కూర్చోబెట్టి, ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో మనం నోటితో వివరించాలి. కాగితం చేతికిచ్చి చదువుకోమనడం కుదరదు. తర్వాత ఎగ్జామినర్ ప్రశ్నలడుగుతారు, వాటికీ నోటితోనే జవాబు. అందులో తప్పితే డిగ్రీ లేనట్టే. నాన్న బియ్యం బస్తా దింపడానికి వచ్చినప్పుడు ఈ సంగతి తెలిసి బెంగపెట్టుకున్నాడు. "నోరు తిరక్కపోతే ఆ పూటే ఇంటికొచ్చెయ్యమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు" అన్నాడు. నామీద ప్రేమతోనే అన్నాడు. కానీ ఎవరూ ఏమీ అనకుండా, ఏమీ అడగకుండా మిగతా బతుకంతా నన్ను ఇంట్లో కూర్చోబెడతారన్నదే నా భయం.

మా లెక్చరర్‌గారు ఇంకో దారి చూపించారు. "నువ్వు ఎదురుగా నిలబడు చాలు. సూచనలు నేను చదువుతాను, ఎగ్జామినర్‌తో నేను మాట్లాడతాలే" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి మామ్మగారికి చెప్పాను. ఆవిడ మొహం చిట్లించారు. "ఆయన చదివేటట్టయితే ఆయన సబ్జెక్టుని ఆయన్నే తెచ్చుకోమను. నేను రాను" అన్నారు. ఎంత బతిమాలినా అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ పూట అన్నం మానేశాను. మర్నాడు సాయంత్రం దీపం పెట్టడం అయ్యాక ఆవిడే వసారాలో పీట వాల్చుకుని కూర్చుని, "ఊఁ, నేను సబ్జెక్టుని. ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నారు.

అలా పరీక్షల దాకా రోజూ కూర్చున్నారు. ఒక్కో ప్రయోగానికీ సూచనలు మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. ఎక్కడ ఆగినా ఆవిడ ఆగేవారు. 'అద్దం' అన్న మాట దగ్గర ఇబ్బందిపడి ఒకసారి తెలివిగా 'దర్పణం' అన్నాను.

"దర్పణం దేవుడికి చూపిస్తారు. నాకు అద్దం చాలు. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. వచ్చే మాటతో సరిపెట్టుకునే నా పాత అలవాటు ఆ వసారాలో చెల్లలేదు.

సూచనలు నేనే చెప్పుకుంటానంటే మా లెక్చరర్‌గారు ఒప్పుకున్నారు కానీ, ఆయనకి ఒక అభ్యంతరం మిగిలింది. "ఆవిడకి అన్నీ చేసి చేసి చెయ్యి తిరిగిపోయిందమ్మా. కొత్తవాళ్లయితేనే ఫలితం సరిగ్గా వస్తుంది" అన్నారు. అదీ నిజమే. కానీ కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదు. ఆవిడ్నే తీసుకెళ్లాను, రిక్షాలో.

చీటీ తీస్తే నాకు అద్దంలో చూసి గీసే ప్రయోగం వచ్చింది. కాగితం మీద జంట గీతలతో ఒక నక్షత్రం ఉంటుంది. దాన్ని నేరుగా చూడకుండా పలక అడ్డం పెడతారు. ఎదురుగా ఉన్న అద్దంలో మాత్రమే చూస్తూ, ఆ గీతల మధ్య నుంచి పెన్సిల్ నడపాలి. అద్దంలో అంతా తారుమారుగా కనపడుతుంది కాబట్టి చెయ్యి మాట వినదు. మొదటిసారి అందరూ తంటాలు పడతారు, చేసినకొద్దీ తప్పులు తగ్గుతాయి. గ్రాఫు గీస్తే మెట్లు దిగుతున్నట్టు దిగాలి.

ఫలితం ముందే చెప్పేస్తాను. మామ్మగారు మొదటిసారే నక్షత్రం చుట్టూ తడబడకుండా తిరిగొచ్చారు. నా గ్రాఫు బల్లలా చదునుగా వచ్చింది. ఇదే ప్రయోగం వచ్చిన మిగతా అందరి గ్రాఫులూ పుస్తకంలో బొమ్మలా ముచ్చటగా దిగాయి. చీటీ ఏదొచ్చినా పనికొచ్చేలా కొన్ని పొద్దున్నే గీసిపెట్టుకున్నవని మాకందరికీ తెలుసు. ఎగ్జామినర్ నా కాగితం తిప్పి చూసి, "ఇదేంటమ్మా, మీ సబ్జెక్టు ఏమీ నేర్చుకోలేదా?" అన్నారు. "ముం... ముందే నేర్చేసుకున్నారండి" అన్నాను. ఎందుకలా అయిందో, అలవాటైన సబ్జెక్టుతో వచ్చే చిక్కేమిటో నిదానంగా వివరించాను. ఆయన పూర్తిగా విన్నారు. పాసయ్యాను. క్లాసు ఫస్టు రాలేదు, ఊరికే పాసయ్యాను.

నత్తి పోలేదు. పోయిందని రాస్తే ఈ వ్యాసం ఇంకా బావుండేది. ఇప్పుడు కాకినాడలో ఒక స్కూల్లో పిల్లలకి కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. అక్కడి పిల్లలు నా మాట కోసం ఆగుతారు, వాళ్ల మాట కోసం నేనూ ఆగుతాను. మామ్మగారు లేకపోతే నేను చదువు మానేసి ఇంటికెళ్లిపోయేదాన్ని. అందులో నాకు అనుమానం లేదు. ఆవిడంటే నాకు చాలా ఇష్టం, గడపతో సహా కాదు కానీ, చాలా ఇష్టం.

ఇక ఆ రోజు గ్రాఫు దాకా రాకముందు జరిగింది చెప్పి ముగిస్తాను. ఎగ్జామినర్‌కి మధ్యాహ్నం రైలుంది, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. మామ్మగారు గంజి పెట్టిన చీర కట్టుకుని ల్యాబులో స్టూలు మీద కూర్చున్నారు. నేను సూచనలు చెప్పడం మొదలుపెట్టాను. అద్దం వచ్చింది, నక్షత్రం వచ్చింది. గీతకి తగిలితే తప్పు కింద లెక్క అని కూడా చెప్పాను. ఇక మిగిలింది ఒకటే మాట, మొదలుపెట్టండి అని. వసారాలో ఒక్కనాడూ ఇబ్బంది పెట్టని మాట. 'మ' దగ్గర పెదాలు బిగుసుకుపోయాయి.

"మొదలుపెట్టమంటోందండీ. కానివ్వండి" అన్నారు ఎగ్జామినర్, మామ్మగారితో. అందరిలాగే ఆయనదీ మంచి ఉద్దేశమే.

"అమ్మాయి ఇంకా అనలేదండీ" అన్నారు మామ్మగారు. "అననివ్వండి."

 పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూస్తున్నారు. మా లెక్చరర్‌గారు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎగ్జామినర్ చెయ్యి బల్లమీద పెట్టేశారు, గడియారం కేసి చూడలేదు. స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది, బొటనవేలు దాని మీద ఉంది. మామ్మగారు నన్ను జాలిగా చూడలేదు, ధైర్యం చెప్తున్నట్టూ చూడలేదు. కాగితానికి బెత్తెడు పైన పెన్సిల్ పట్టుకుని, ఆ పెన్సిల్ కొంచెం కూడా కిందికి దించకుండా, నా మాట కోసం కూర్చున్నారు.