కరెంటు పోతే నాన్న వచ్చేవారు

పోయిన శుక్రవారం మా ఆఫీసులో ఒకమ్మాయి పుట్టినరోజు. ఆఫీసంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. ఏలూరులో ఒక మేడ మీద మూడు గదులు, వేళ్ళ మీద లెక్కపెట్టే మనుషులు, చేపల చెరువుల వాళ్ళకీ రైస్ మిల్లుల వాళ్ళకీ లెక్కలు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్. అంతే మా కంపెనీ. ఆ అమ్మాయి కేకు మీద కొవ్వొత్తి ఊదగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కాస్త పొగ, కాలిన వత్తి వాసన, కరిగిన మైనం వాసన ముక్కుకి తగలగానే నాకు మాత్రం ఎక్కడలేని దిగులు పట్టుకుంది. "ఏమైంది మేడమ్, అలా అయిపోయారేంటండీ?" అని అడిగింది ఆ అమ్మాయి. ఏం చెప్పను? నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆ వాసనకి ఒకటే అర్థం. కరెంటు వచ్చేసింది, నాన్న మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు అని. కేకు ముక్క నోట్లో పెట్టుకుని ఏదో సర్దిచెప్పాను.

మా నాన్న తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ కంపెనీ నడిపేవారు. పేరుకి కంపెనీయే గానీ, ఉండేది మా ఇంటి వీధి గదిలో. వెనక గదుల్లో మేం ఫ్యాను కింద ఉడికిపోతుంటే ఆ గదికి ఏసీ, మా కాళ్ళ కింద గచ్చు పెచ్చులూడుతుంటే ఆ గదికి తివాచీ, దానికి తోడు ఒక అద్దాల తలుపు. చెప్పులు బయట విడవనిదే ఎంతటివాళ్ళనీ నాన్న లోపలికి రానిచ్చేవారు కాదు. కంప్యూటర్లకి అమ్మ పూలగుడ్డతో ముసుగులు కుట్టింది. అది నా గౌను కుట్టగా మిగిలిన గుడ్డే కాబట్టి ఆ ఏడు క్రిస్మస్‌కి నేనూ కంప్యూటరూ ఒకే డిజైన్‌లో ఉన్నాం. ఉల్లిపాయల మార్కెట్ వైపు నుంచి గాలి తిరిగితే వచ్చే ఘాటు, మిల్లుల నుంచి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలే నల్లటి ఊక నుసి ఆ గదిలోకి మాత్రం జొరబడకుండా నాన్న తలుపు సందుల్లో గుడ్డపేలికలు దోపేవారు. లోపల ప్రింటర్ పొద్దస్తమానం కిర్రుకిర్రుమంటూ కాగితాలు కక్కేది. ఆ కాగితాలకి రెండు పక్కలా చిల్లుల అంచులుండేవి. వాటిని చించి పడేస్తే నేనూ తమ్ముడు బాబీ ఏరి తెచ్చుకుని గొలుసులు అల్లేవాళ్ళం. డిసెంబరు వచ్చేసరికి మా ఇంటి నక్షత్రానికే కాదు, చర్చిలో బాల యేసు కోసం కట్టే పశువుల పాకకి కూడా అవే తోరణాలు.

ఇంట్లోనే ఉన్నా నాన్న మాకు దొరికేవారు కాదు. అద్దాల తలుపులోంచి ఆయన వీపు కనబడేది. మిల్లుల గుమాస్తాలు, ఎరువుల కొట్ల వాళ్ళు, భీమడోలు నుంచి రైలు దిగి వచ్చేవాళ్ళు, లెక్కలు వేయించుకోవడానికి ఎవరో ఒకరు పక్క కుర్చీలో ఉండనే ఉండేవారు. "నాన్నా" అని తలుపు దగ్గర నిలబడి పిలిస్తే వెనక్కి తిరగకుండానే వేలు పైకెత్తేవారు, ఒక్క నిమిషం అని. ఆ వేలు దిగేలోపు మేం అడగాల్సింది మర్చిపోయి ఆటలకి పోయేవాళ్ళం. మమ్మల్ని కనికరించింది కరెంటు కోత ఒక్కటే.

సాయంత్రం చీకటి పడే వేళకి ఠంచనుగా కరెంటు పోయేది. గదిలో యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొత్తుకునేది. అది మొత్తుకున్నంతసేపే నాన్నకి గడువు. గబగబా చేస్తున్న పని భద్రం చేసుకుని, కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆర్పి, ముసుగులు కప్పి, తలుపు తోసుకుని అరుగు మీదకి వచ్చేసేవారు. అప్పటికే అమ్మ కొవ్వొత్తి వెలిగించి, రెండు చుక్కల మైనం గచ్చు మీద కార్చి నిలబెట్టేది. బాబీ క్యారమ్ బోర్డు దించి, నాయనమ్మ మొహానికి రాసుకునే పౌడరు దాని మీద ధారాళంగా జల్లేవాడు. ఇంట్లో ఏది అడిగినా అమ్మది ఒకటే జవాబు, కరెంటు పోయాక చూద్దాం. సైకిల్ చెయిను ఊడిందా, కరెంటు పోయాక. లెక్క రాలేదా, కరెంటు పోయాక. గోళ్ళు తీయాలా, అదీ అంతే. అమ్మకి నాన్న మీద కోపం వచ్చినా అప్పటిదాకా ఆగాల్సిందే.

వేసవిలో అరుగు మీద తాటిముంజలు బొటనవేలితో పొడిచి, నీళ్ళు మొహాన చిమ్ముతుంటే జుర్రుకునేవాళ్ళం. వానాకాలం ఉసిళ్ళు ముసిరితే కొవ్వొత్తిని నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టేవాళ్ళం. చలికాలం క్రిస్మస్ దగ్గర పడగానే అమ్మా నాయనమ్మా ఆ వెలుగులోనే కజ్జికాయలు ఒత్తుతుంటే నాన్న అంచులు మడతపెట్టేవారు, ఒక్కో మడతా అచ్చు గుద్దినట్టు కుదిరేది. మిషన్ స్కూల్లో పిల్లల్ని హడలగొట్టే మా అమ్మ, ఆయన పక్కన కూర్చుని ఆ రోజు క్లాసులో జరిగినవన్నీ చిన్నపిల్లలా చెప్పుకొచ్చేది. కాసేపటికి నాయనమ్మ విసనకర్ర పక్కన పెట్టి "ఇక ప్రార్థన చేసుకుందావర్రా" అనేది. కంఠతా వచ్చిన పాట ఒకటి ఎత్తుకుని, చుట్టపక్కాలందరి పేర్లూ వరసగా దేవుడికి అప్పజెప్పి, చివర్న "ఈ చీకటి ఇచ్చినందుకు స్తోత్రం తండ్రీ" అనేది. నాన్న కళ్ళు మూసుకునే నవ్వేవారు.

కరెంటు వచ్చినప్పుడు వీధి వీధంతా హేయ్ అని అరిచేది. మా అరుగు మీద మాత్రం మొహాలు వేలాడేసుకునేవాళ్ళం. నాన్న వంగి కొవ్వొత్తిని ఉఫ్‌మని ఊదబోతే బాబీ దాని చుట్టూ చేతులు అడ్డం పెట్టి, ఇంకాసేపు వెలగనీ నాన్నా అని బతిమాలేవాడు.

నాన్న దగ్గరకొచ్చే వాళ్ళలో మాకు బాగా ఇష్టమైన మనిషి సూర్యనారాయణ గారు. కొల్లేటి లంకల్లో చేపల చెరువుల ఆసామి. మేత లెక్కలకి వచ్చినప్పుడల్లా గోనెసంచిలో బతికున్న కొరమీనులు తెచ్చేవారు. చెప్పులు బుద్ధిగా బయటే విడిచి, నీళ్ళోడే సంచి మాత్రం చేత్తో పట్టుకుని లోపలికి వచ్చేసేవారు. ఒకసారి ఓ కొరమీను సంచిలోంచి జారి తివాచీ మీద గంతులేసుకుంటూ వైర్ల మధ్యకి దూరింది. నాన్న కుర్చీ ఎక్కి ఒకటే కేకలు. "ఆయ్, మీరు కంగారు పడకండీ, అదేం చెయ్యదండీ" అంటూ సూర్యనారాయణ గారు బోర్లా పడుకుని దాన్ని తోకపట్టి లాగారు. నాయనమ్మకి ఆ పూట పండగ. ఆ గదిలో నీచువాసన పోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

నేను ఏడో తరగతిలో ఉండగా బస్టాండు దగ్గర ఇంకో కంప్యూటర్ సెంటర్ తెరిచారు. వాళ్ళకి జనరేటర్ ఉంది. ధాన్యం సీజన్ మొదలైంది, సాయంత్రం పూట పని ఆగితే మిల్లుల వాళ్ళు ఊరుకోరు. నాన్న కూడా జనరేటర్ కొని పెరట్లో జామచెట్టు కింద దింపించారు. ఆ రోజు సాయంత్రం కరెంటు పోగానే అమ్మ కొవ్వొత్తి వెలిగించింది, బాబీ బోర్డు దించాడు. పెరట్లో డబడబమని మోత మొదలైంది. అద్దాల తలుపు వెనక ట్యూబులైటు వెలిగింది, నాన్న వీపు కదలలేదు. ఇవాళ ఏదో తొందర పనిలే అనుకున్నాం. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే.

నాన్నని తప్పు పట్టడానికేమీ లేదు. ఆ గది నడిస్తేనే మా ఇల్లు నడుస్తుందని మాకూ తెలుసు. కానీ నాకు ఏడుపొచ్చేది. గోళ్ళు పెరిగిపోయాయి, సైకిల్ గోడకి చేరగిలబడింది, క్యారమ్ ఆటలో ఒక చెయ్యి తక్కువైంది. నాయనమ్మ ప్రార్థనలో గొంతు పెంచి "ఆ దిక్కుమాలిన మోత ఆపించు తండ్రీ" అని వీధంతా వినబడేట్టు అడిగింది. ఆ మోతలో దేవుడికి వినబడి ఉండదని బాబీ తేల్చేశాడు. అమ్మ మాత్రం స్కూలు కబుర్లు చెప్పడం మానేసింది, కొవ్వొత్తి పక్కన కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకునేది. నాకు అన్నిటికంటే దానికే ఎక్కువ భయం వేసింది.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం. సూర్యనారాయణ గారు లోపల నాన్న పక్కన కూర్చుని ఉన్నారు, పెరట్లో జనరేటర్ మోగుతోంది. అమ్మ చేతిలో పుస్తకం మూసి, కొవ్వొత్తి తీసుకుని లేచింది. చెప్పులు విడిచి అద్దాల తలుపు తోసింది. బయటివాళ్ళు ఉండగా ఆ గదిలో ఎన్నడూ అడుగుపెట్టని మనిషి. నేనూ బాబీ వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాం. అంత వెలుగున్న గదిలో కొవ్వొత్తి పట్టుకుని అమ్మ అంది:

"ఏవండీ, కరెంటు పోయిందండీ."

సూర్యనారాయణ గారు ట్యూబులైటు వంక చూశారు, ఏసీ వంక చూశారు, అమ్మ వంక చూశారు. నాన్న అలవాటుకొద్దీ వేలు ఎత్తబోయి, ఆగి, వెనక్కి తిరిగారు.

"ఎప్పుడు పోయింది?"

"పోయి చాలా రోజులైందండీ."

నాన్న అమ్మ మొహం చూశారు, గుమ్మంలో ఉన్న మమ్మల్ని చూశారు. తర్వాత నెమ్మదిగా కంప్యూటర్ ఆర్పి, పూలగుడ్డ ముసుగు కప్పి, "సూర్యనారాయణ గారూ, ఓ గంటసేపు కరెంటుండదండీ. మీకు క్యారమ్స్ వచ్చాండీ?" అని అడిగారు. "ఆయ్, మా లంకల్లో నన్ను కొట్టినోడు లేడండీ" అన్నారాయన, అప్పటికే లేచి నిలబడి. అన్నట్టే ఎర్రకాయ కూడా వదలకుండా మా అందరినీ ఓడించారు. నాయనమ్మ ప్రార్థన అయ్యేదాకా తల వంచుకుని కూర్చున్నారు. నాన్న నా గోళ్ళు తీశారు. అమ్మ తన స్కూల్లో జరిగినవన్నీ, అన్ని రోజులవీ కలిపి, ఆపకుండా చెప్పింది.

ఆ తర్వాత జనరేటర్ ఉంది గానీ, ఆ గంట మాత్రం నాన్న మాకే. కొందరు బస్టాండు దగ్గర సెంటర్‌కి వెళ్ళిపోయారు, వాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, కంపెనీ మునిగిపోలేదు. కోతలు తగ్గి, అసలు కరెంటు పోవడమే మానేశాక కూడా అమ్మ రోజూ తలుపు దగ్గరకెళ్ళి అదే మాట అనేది, నాన్న లేచేవారు. అలాంటి ఇంట్లో పెరిగాను కాబట్టే కంపెనీ పెట్టడానికి నేను భయపడలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. నాయనమ్మ లేదు. చిల్లుల కాగితం లేదు, కరెంటొస్తే అరిచే వీధి లేదు. పనికి అద్దాల తలుపు కూడా లేకపోవడంతో అది ఫోనులో పడి వంటింట్లోకీ మంచం మీదకీ వచ్చేస్తోంది. చెరువు గట్ల మీద నుంచి, తణుకు మిల్లుల నుంచి, అన్నం కలుపుతుంటే ఫోన్లు. పాప పిలిస్తే నేను వెనక్కి తిరగకుండా వేలు పైకెత్తుతున్నానని మావారు ఈమధ్య అన్నారు. నేను నమ్మలేదు, పైగా ఆయన మీద విసుక్కున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం మిగిలిన కేకు ఇంటికి తెచ్చి, మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు అమ్మా నాన్నా ఏలూరులో మాతోనే ఉంటున్నారు. కాసేపటికి గుమ్మంలో పాప అలికిడి వినిపించింది. నా వేలు పైకి లేచింది. ఈసారి నా కళ్ళారా చూసుకున్నాను.

"అమ్మా, కరెంటు పోయింది."

వెనక్కి తిరిగాను. ఫ్యాను తిరుగుతోంది, ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. పాప చేతిలో కేకు డబ్బాలోని కొవ్వొత్తి, వెలిగించి ఉంది. వెనకాల నాన్న, చంకలో క్యారమ్ బోర్డుతో.

"ఎప్పుడు పోయింది?" అని అడిగాను.

పాప తాతయ్య వంక చూసింది.

"పోయి చాలా రోజులైందమ్మా" అన్నారు నాన్న.

బయట మెట్ల దగ్గర అమ్మ అప్పటికే స్టూలు వేసి పౌడరు డబ్బా పట్టుకుని కూర్చుంది. మావారు చాప తెచ్చి పరిచారు. వీధి దీపాల వెలుగు ఎంత ఉన్నా పాప ఆ బుల్లి కొవ్వొత్తిని బోర్డు పక్కనే నిలబెట్టింది. మొదటి ఆట సగంలో ఉండగా నా ఫోను మోగింది. చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది.

"అమ్మా, ఇంకా రాలేదు కరెంటు" అంది పాప, కొవ్వొత్తి చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టి.

ఫోను బోర్లా పెట్టి స్ట్రయికర్ అందుకున్నాను.