నేలకు వదిలిన టీ చుక్కలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లూ మోశాను. చూడబోతే ఇంగ్లీషులో నాలుగు మాటలు, అంతే. బరువు మాత్రం ఏటేటా పెరిగింది. మిషన్ బడిలో పంతులమ్మగా పది ఆజ్ఞలూ పిల్లల చేత వల్లె వేయించాను. అబద్ధసాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి ఏదో పని ఉన్నట్టు లేచి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. పాస్టరు గారికి చెప్పుకోవచ్చు కదా అంటారేమో. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఇక నిశ్చింతగా వెళ్లమ్మా అంటారు. అంత చవకగా వదిలించుకోవడం నాకే ఇష్టం లేకపోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకని మీకు చెబుతున్నాను.

మాది సాలూరు పైన, అరకు వైపు కొండల్లో ఒక చిన్న ఊరు. అమ్మ జ్వరంతో పోతే మా మేనమామ నన్ను భుజాన వేసుకుని కొండ దిగి, సాలూరు మిషన్ బడిలో అప్పగించాడు. ఆయన మా ఊరికి పెద్ద. సంతకు దిగినప్పుడల్లా నాకు ఆకులో కట్టిన తేనెపట్టు తెచ్చేవాడు. తోటి పిల్లల ముందు ఆయన గోచీ చూసి నాకు సిగ్గేసేది. తేనె మాత్రం తినేదాన్ని.

మన్యంలో పితూరీ, అదే సర్కారు మీద తిరుగుబాటు, అణిగిన కొత్తలవి. మా ఊళ్లోవాళ్లు పోడు చేసుకునే కొండను సర్కారు అడవిలో కలిపేస్తున్నారని కబురొచ్చింది. ఆ కొండ పోతే చోళ్లు లేవు, సామలు లేవు. ఊరే లేదు. మామ బడికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. బడి చూసుకునే మా దొరసాని ఆ మధ్యనే ఇంగ్లండు నుంచి వచ్చింది, ఆమె తెలుగు ఇంకా నమస్కారం దాటలేదు. అయినా మంచి మనిషి. ఫారెస్టు దొర సెలవు మీద వాల్తేరులో ఒక పెద్ద హోటల్లో దిగాడని తెలుసుకుని, సాయంత్రం టీకి మనం ముగ్గురం వెళ్దాం, మీ మామ చెబుతాడు, నువ్వు దాన్ని ఇంగ్లీషులో చెప్పు అంది. ఆ ఏడే నన్ను టీచరు ట్రైనింగుకు పంపుతానని కూడా అంది. నాకు ఆ రెండో మాటే ఎక్కువ వినిపించింది.

రైల్లో వెళ్లాం. మామకు బడి వాచ్‌మన్ పాత కోటు తొడిగించారు. పెద్ద పని మీద పోతున్నానని ఆయన ముందు రోజు నుంచీ కల్లు ముట్టలేదు. ఉదయం స్టేషన్లో ఆకు దొన్నెలో అంబలి తాగాం. తాగేముందు ఆయన నాలుగు చుక్కలు నేలకు వదిలాడు. దొరసాని అటు తిరిగి ఉండడం చూసి నేనూ వదిలాను. మా కొండ మీద కల్లయినా అంబలైనా ముందు పెద్దలకు పొయ్యనిదే గొంతు దిగదు. పరాయి ఇంట్లో తాగితే ఆ ఇంటి పెద్దలకు పొయ్యాలి. ఆ ఇంటి మనిషిని ఒక సాయం అడగబోతుంటే మరీ తప్పదు. వాళ్ల చచ్చిపోయినవాళ్లను పలకరించకుండా బతికున్నవాణ్ణి ఏ మొహంతో అడుగుతాం?

హోటల్ సముద్రానికి ఎదురుగా ఉంది. లోపలి హాల్లోకి మాలాంటివాళ్లను రానివ్వరు. దొరసాని మేనేజరుతో వాదించి వరండాలో ఒక బల్ల వేయించింది. తెల్ల గుడ్డ, వెండి కెటిల్, అంతస్తులుగా పేర్చిన పళ్లాల్లో వేలెడంత రొట్టెముక్కలు, కేకులు. కప్పు ఎలా పట్టుకోవాలో, చప్పుడు కాకుండా చెంచా ఎలా తిప్పాలో నాకు వారం పాటు నేర్పించారు. నేను బాగా చేశాను. దొర భార్య నన్ను మెచ్చుకుంది కూడా. ఆ మెప్పుకు నేను ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

దొర చెడ్డవాడేం కాదు. ముందు టీ కానివ్వండి, తర్వాత అతని గోడు తీరిగ్గా వింటాను అన్నాడు. వింటానన్నాడు, ఆ మాట నేను చెవులారా విన్నాను.

మామ కుర్చీ అంచున కూర్చుని పైకప్పు చూస్తున్నాడు. "ఇదంతా ఈ దొర ఇల్లేటి గుంటా?" అని మెల్లగా అడిగాడు. ఆడపిల్లను మా వైపు గుంట అంటారు. హోటల్ అంటే ఏమిటో చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అవునన్నాను. "ఇంతింట్లో ఎంతమంది పెద్దలు పోయుంటారో" అన్నాడు. బట్లరు ఆయన చేతిలో కప్పు పెట్టాడు. మామ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని, వంగి, నాలుగు చుక్కలు నేలకు వదిలాడు. కప్పు నిండుగా ఉండి ఎక్కువే ఒలికింది. దొర భార్య తెల్ల బూటు మీద పడింది. ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

దొర నన్ను అడిగాడు, ఏం చేస్తున్నాడితను అని.

మీ పెద్దలకు దండం పెడుతున్నాడు. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. బహుశా దొర నవ్వేవాడు, ముచ్చటపడేవాడు కూడా. కానీ దొరసాని నా వైపే చూస్తోంది. చచ్చినవాళ్లకు పొయ్యడం సైతాను పని అని మాకు నేర్పింది ఆ మిషనే. నీకెలా తెలుసు, నువ్వూ చేస్తావా అని అడిగితే? ట్రైనింగు? గుడ్డికన్నా మెల్ల నయమంటారు కదా, దయ్యాల పూజకన్నా తాగుడు నయమనుకున్నాను. అసలు అంత ఆలోచించానా? లేక ఆయన నావాడు కాదని ఆ బల్ల దగ్గర ఎలాగోలా తెలియాలనిపించిందా? ఇన్నేళ్లు తవ్వినా ఆ అడుగు నాకు అందలేదు.

పొద్దుటి నుంచీ తాగి ఉన్నాడండీ, అన్నాను.

దొర ముఖం ముడుచుకుపోయింది. తాగినవాడితో నాకు మాటల్లేవన్నాడు. దొరసాని సిగ్గుతో ఎర్రబడింది. బట్లరు మామ చేతిలోంచి కప్పు తీసేసుకున్నాడు. ఆయన ఒక్క గుక్కైనా తాగలేదు.

మెట్లు దిగాక మామ అడిగాడు, "దొర ఏటన్నాడు గుంటా?"

"ఒప్పుకోలేదు మావా" అన్నాను.

 ఆయన నా తల నిమిరాడు. "నువ్వేటి సేత్తావు. సెప్పాల్సింది సెప్పినావు గదా, సాలు."

కొండ పోయింది. నేను ట్రైనింగుకు వెళ్లాను, మంచి మార్కులతో పాసయ్యాను. దొర విని ఉంటే కొండ దక్కేదా? దక్కకపోవచ్చు. ఈ సమాధానం చెప్పుకుని కొన్నేళ్లు నిద్రపోయాను. కానీ వినకుండా చేసింది నేను. అది మాత్రం ఎటు తిప్పినా మారలేదు.

ఊరు చెదిరింది. అస్సాం తేయాకు తోటలకు మనుషుల్ని తీసుకుపోయే సర్దారు వస్తే, మామ పెళ్లాం పిల్లలతో బయల్దేరాడు. వెళ్తూ బడి దగ్గర ఆగాడు. చేతిలో తేనెపట్టు. "ఆ దొరల టీ నీళ్లు ఆకులేనంట గదా. ఆయేల తాగనియ్యలేదు. ఎలాగుంటాయో సూసొత్తాను" అని నవ్వాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. బండివాడు బేగి రమ్మని కేకేశాడు. మామ వెళ్లిపోయాడు. ఏ తోటలో చేరాడో, ఎప్పుడు పోయాడో తెలియదు. ఆయన తిరిగి రాలేదు.

క్షమించమని అడగడానికి ఆయన లేడు. మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆవేళ మెట్లు దిగాక ఆయన అడిగినదానికి సరైన జవాబు మాత్రం బాకీ ఉండిపోయింది. నేను వదిలేసిన మా కొండ మాటలోనే చెబుతాను.

దొరేటీ అన్లేదు మావా. నేనే అన్నాను.